అట్టముక్క మీది పేరు

ఎర్రగుంట్ల స్టేషన్లో మహమూదా రైలు దిగేసరికి పొద్దున ఆరున్నర అయింది. ప్లాట్‌ఫారం చివర ఒక పెద్దమనిషి ఆమె పేరు రాసిన అట్టముక్కను గుండెలకు ఆనించుకొని నిలబడి ఉన్నాడు. పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో రాసి ఉంది. మహమూదాకు ఇంగ్లీషు రాదు. తెలుగు అక్షరాలను మాత్రం కూడబలుక్కొని చదువుకుంది. రాయచూరుకు కాపురానికి పోయి ముప్పై ఏళ్ళు దాటింది. అక్కడన్నీ కన్నడం బోర్డులే. పులివెందుల బడిలో ఏడో తరగతి హాజరుపట్టీ తర్వాత తన పేరును తెలుగులో చూడటం ఇదే.

"మహమూదా నేనే," అంది దగ్గరికి పోయి.

ఆయన గబగబా అట్టను చంకలో పెట్టుకొని, ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా చెప్పి, ఆమె చేతిలోని రెగ్జిన్ సంచీ తీసుకున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు.

"తెలుగులో చెప్పప్పా, నాకు ఇంగ్లీషు తెలీదు."

ఆయన నిలబడిపోయాడు. తర్వాత ముఖమంతా నవ్వు పరుచుకుంది. "మీరు తెలుగు మాట్లాడతారని మాకు చెప్పనే లేదు మేడమ్. శానా సంతోషం. యాస కూడా అచ్చం మాదే."

"మాది ఈడే కదా."

అది హాస్యమనుకున్నాడో ఏమో, ఆయన మళ్ళీ నవ్వాడు.

బయట తెల్లకారు, దాని పక్కన బాబ్జీ అనే డ్రైవరు. కారు ఎక్కబోతుంటే పెద్దమనిషి సీటు మీదనుంచి బంతిపూల దండ తీసి ఆమె మెడలో వేశాడు. మహమూదా దండను చేత్తో తడిమి చూసుకుంది. యాభై నాలుగేళ్ళ ఆడది. రాయచూరులో జొన్నరొట్టెలు చేసి హోటళ్ళకు పంపే మనిషి. పెళ్ళిలో తప్ప మెడలో దండ పడలేదు. మా అన్న ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకున్నాడు అనుకుంటూ కూర్చుంది.

పులివెందులలో ఉన్న ఆ అన్న, అబ్దుల్ వాహిద్, ముఖం చూసి పంతొమ్మిదేళ్ళయింది. అమ్మ చనిపోయిన రోజు కబురందుకొని ఆమె రాయచూరు నుంచి బస్సులు మారి వచ్చేసరికి ఖననం అయిపోయింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. మూడు గంటలు, కేవలం మూడు గంటలు ఆగి ఉంటే అమ్మ ముఖం చూసేది. మసీదు పెద్దలు తొందరచేశారని చెప్పి అన్న తల వంచుకున్నాడు. పెద్దలకు ఎదురు చెప్పలేని ఆ పిరికితనానికే ఆమెకు ఒళ్ళు మండింది. నాకు అన్న లేడని నలుగురి ముందర అని, వచ్చిన కాళ్ళతోనే వెనక్కి పోయింది. నాలుగేళ్ళ కిందట వదిన పోయినప్పుడూ రాలేదు.

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "ఫుప్పూ, నేను మహీన్‌ను. వాహిద్ బిడ్డను." తను చివరిసారి చూసినప్పుడు ఈ మేనకోడలు ఐదేళ్ళ పిల్ల, ఇప్పుడు వార్డు సచివాలయంలో ఉద్యోగం. "అబ్బకు రెండు కండ్లకూ పొర కమ్మింది. ఈ గురువారం కాక వచ్చే గురువారం ఆపరేషన్. నిన్ను పిలిపించమంటాండాడు. స్టేషన్‌కు కారు పంపిస్తా. నువ్వు పేరు చెప్పి ఎక్కితే చాలు. నాకు ఆ దినం మీటింగు, పన్నెండుకంతా వచ్చేస్తా." వస్తాననలేదు, రాననలేదు. మరునాడు టికెట్ తీయించింది. ఎందుకు తీయించిందో ఇంట్లోవాళ్ళకు చెప్పలేకపోయింది.

కారు ఊరు దాటాక మైలురాయి మీద జమ్మలమడుగు అని కనిపించింది. మహమూదా కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది. పులివెందులకు పోవాల్సింది దక్షిణానికి. ఇది ఉత్తరం దారి.

"ఇట్లా పోతాండామేంది సారూ?"

"ముందు కోట చూసుకుందాం మేడమ్. ఎండ ఎక్కితే మీరు తట్టుకోలేరు," అన్నాడు పెద్దమనిషి ముందు సీట్లోంచి. తన పేరు ప్రేమ్ సాగర్ అనీ, ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాననీ చెప్పాడు.

"కోట ఎందుకు? ఇంటికి పోదాం కదా."

"ఇంటికే మేడమ్. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే. అన్నీ చెప్పిపెట్టినాం."

ఇంట్లో అందరూ పనుల్లో ఉంటారు కాబట్టి మధ్యాహ్నం దాకా తిప్పి తీసుకురమ్మని మహీన్ చెప్పిందేమో. పట్నం పద్ధతులు. అయినా మనసు నిలవలేదు. "పెద్దాయన ఎట్లుండాడు సారూ?" అని అడిగింది.

ప్రేమ్ సాగర్ వెనక్కి తిరిగి ఆశ్చర్యంగా చూశాడు. "పెద్దాయన సంగతి మీకు ఎవరు చెప్పినారు? మా ఫణీంద్ర చెప్పినట్లుంది. మొన్న శానా నలతగా ఉండె మేడమ్. రెండు దినాలు గంజి తప్ప ఏమీ ముట్టలేదు. ఇప్పుడు లేచి కూర్చుంటాండాడు. మీరు వస్తాండారని చెప్పినాం, ఎదురు చూస్తాండాడు."

కండ్ల పొర అని చెప్పింది మహీన్. గంజి సంగతి చెప్పలేదు. మహమూదా సంచీలోంచి ఫోన్ తీసింది. కొడుకు వాడి పారేసిన పాత ఫోను. రాత్రి రైల్లో చార్జింగు పెట్టే చోటు పనిచేయక చచ్చిపోయింది. కార్లో పెట్టి చూద్దామంటే బాబ్జీ దగ్గరున్న పిన్ను దీనికి పట్టలేదు. ప్రేమ్ సాగర్ ఫోను అడుగుదామంటే మహీన్ నంబరు ఆ చచ్చిన ఫోన్లోనే ఉంది.

జమ్మలమడుగులో ఇడ్లీలు తిన్నారు. ఆయన తన ముత్తాతల కాలంలో ఈ తాలూకాకు దొరలు వచ్చి బడులు ఎట్లా పెట్టిందీ, తమవాళ్ళు ఎట్లా చర్చిలో చేరిందీ, ఆ బడిలో చదివిన మొదటి ఆడమనిషి తన జేజి, నాయన తల్లి, కావడం, అన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కు తిప్పుతూ చెప్పాడు. చెప్పేటప్పుడు కండ్లు మెరిశాయి. మహమూదా తలూపుతూ విన్నది. మా అన్నకు ఈయన ఏమవుతాడు? స్నేహితుడా? అన్న దర్జీ పని చేసేవాడు, ఈయన చొక్కాలు కుట్టేవాడేమో. మాట్లాడితే మేడమ్ అంటాడేంది?

"మీ పుస్తకం ఎంతవరకు వచ్చింది మేడమ్?" అన్నాడు చేయి కడుక్కుంటూ.

"ఏం పుస్తకం?"

"అయ్యో, అడగకూడదేమో. ఫణీంద్ర చెప్పినాడు, మన పక్క మాటల మీద రాస్తాండారని."

అవునని అంటే అబద్ధం, కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. "దేవుడు చూసుకుంటాడు లే," అని కారెక్కింది.

గండికోట చేరేసరికి తొమ్మిదైంది. పెద్ద దర్వాజా దాటి లోపలికి పోతే కోట గోడల మధ్యే ఇండ్లు, పశువులు, గడ్డివాములు. ప్రేమ్ సాగర్ ముందు నడిచాడు. ఒక్కొక్క రాయి దగ్గరా ఆగాడు. ఏ రాజు కట్టించాడో, ఎవరు గెలుచుకున్నారో, ఏ గోడలో ఫిరంగి గుండు దిగిందో, నెలరోజులుగా పాఠం అప్పజెప్పుకున్నవాడిలా చెప్పాడు. ధాన్యం కొట్టు లోపలికి తీసుకుపోయాడు. చల్లగా, చీకటిగా ఉంది. "ఈడ చప్పట్లు కొట్టండి మేడమ్, మోగుతాది," అన్నాడు. కొట్టింది. మోగింది. ఎందుకు కొట్టిందో తెలియలేదు.

లోయ అంచుకు పోయేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఎంతో కింద పెన్నానది ఎర్రటి బండల మధ్య పాకుతున్నట్టుంది. పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే అయినా ఆమె ఎన్నడూ ఇక్కడికి రాలేదు. అమ్మ కూడా వచ్చి ఉండదు. వాళ్ళకు ఊరంటే ఇల్లు, బావి, మసీదు వీధి, అంతే.

"పదకొండుకు బయలుదేరుదాం," అన్నాడు ప్రేమ్ సాగర్ నోటుబుక్కు చూసి. "ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి. తర్వాత ఇంట్లో భోజనం. సాయంత్రం కొంచెం విశ్రాంతి. రేపు బ్రహ్మంగారి మఠం."

"బంగారు అంగళ్ళా?"

"కొనకపోయినా ఫరవాలేదు మేడమ్, ఊరికే చూడొచ్చు."

అప్పుడు ఆమెకు భయం మొదలైంది. కన్ను కనపడని ముసలివాడు చెల్లెల్ని పిలిపించి కోట చూపిస్తాడా, బంగారు అంగళ్ళు చూపిస్తాడా, రేపు మఠానికి పంపుతాడా? ఇంటికి పోదామన్నప్పుడల్లా మధ్యాహ్నం అంటారు. రెండు దినాలు గంజి తప్ప ముట్టలేదంటారు. చావు కబురు ఒక్కసారిగా చెప్పకూడదని, వచ్చినవాళ్ళకు ముందు ఏదో ఒకటి తినిపించి, మాటల్లో పెట్టి, మెల్లగా చెప్పడం ఆమెకు తెలుసు. తను కూడా రాయచూరులో ఇద్దరు ముగ్గురికి అట్లాగే చెప్పింది.

మసీదు ముందరికి వచ్చారు. ఎత్తైన మెట్లు. లోపల నమాజు చేసేవాళ్ళెవరూ లేరు, పావురాలున్నాయి. ప్రేమ్ సాగర్ మినార్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మహమూదా మెట్టు మీద కూలబడింది.

"సారూ, ఆ మాటలు నిలిపెయ్. నాకు నిజం చెప్పు. మా అన్న ఉండాడా, పోయినాడా?"

ఆయన చేయి మినారు వైపు చూపిస్తూ గాల్లోనే ఆగిపోయింది. "ఎవరి అన్న మేడమ్?"

"నా అన్నప్పా. అబ్దుల్ వాహిద్. ఈసారి కూడా నన్ను రానీయకుండానే మట్టిచేసినారా? కడుపులో ఏమీ పెట్టుకోవద్దు. చెప్పేయ్. నేను ఏడ్చి గోల చేయను."

"ఉండండి, ఉండండి." ప్రేమ్ సాగర్ ఆమె పక్కన రెండు మెట్ల కింద కూర్చున్నాడు. "ఇందాక మీరు పెద్దాయన అనింది ఎవరిని?"

"మా అన్నను."

"నేను చెప్పింది మా నాయన గురించి. జోసఫ్ అని. ఎనభై ఆరేండ్లు. మీకు భోజనం మా ఇంట్లో కదా, ప్రొద్దుటూరులో. మా ఇంటామె రాములమ్మ నిన్నటి నుంచి వంటలో ఉంది." ఆయన నోటుబుక్కులోంచి మడత పెట్టిన కాగితం తీసి విప్పాడు. "మీరు పూణే నుంచి వచ్చిన ప్రొఫెసర్ మహమూదా గారు కాదా?"

"నేను రాయచూరు మహమూదాను. రొట్టెలు చేస్తాను."

పావురం ఒకటి వచ్చి కాగితం మీద నీడ వేసి పోయింది.

ఆయన విడమరచి చెబుతుంటే ఆమెకు ఒక్కొక్కటే తెలిసివచ్చింది. ఆయన దగ్గర చదువుకున్న ఫణీంద్ర అనే అబ్బాయి ప్రొద్దుటూరులో వాళ్ళ బట్టలకొట్టు పైన టూర్ల ఆఫీసు పెట్టాడు. ఒక్కరు వచ్చినా సరే, కారూ మనిషీ ఇచ్చి పాత ఊర్లన్నీ తిప్పి చూపిస్తారు. పూణేలో మాటల మీద, యాసల మీద పరిశోధన చేసే ప్రొఫెసరమ్మ మొదటి గిరాకీ. అదే రైలుకు దిగాల్సింది. ప్రేమ్ సాగర్‌కు గైడుగా ఇదే మొదటి పని.

"తెలుగు అంత బాగా మాట్లాడతాంటే, చదువుకున్నామె కదా, నేర్చుకునుంటారు అనుకుంటి," అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "బుద్ధి లేకపోయె నాకు."

"మరి ఆయమ్మ యాడికి పోయింది?"

ఆయన ఫోన్ తీసి చూశాడు. సిగ్నల్ లేదు. చేయి పైకెత్తి మసీదు ముందర అటూ ఇటూ తిరిగాడు, బురుజు ఎక్కాడు, దిగాడు. బాబ్జీని పిలిచి కారు తీయించారు. మహమూదాకు ఒక్కటే తోచింది. అన్న బతికే ఉన్నాడేమో. మరుక్షణమే, ఉంటే ఏం మాట్లాడాలి అన్న గుబులు పట్టుకుంది. చచ్చిపోయాడనుకున్న ఆ కాసేపట్లో అతని మీద కోపం ఎక్కడికో పోయింది, ఇప్పుడు మళ్ళీ వచ్చి కూర్చుంది. దేన్ని నమ్మాలో తెలియలేదు.

జమ్మలమడుగు దగ్గర పడుతుండగా ఫోన్ వరుసగా మోగింది. పదిహేడు మిస్డ్ కాల్స్, అన్నీ ఫణీంద్రవి. ప్రేమ్ సాగర్ తిరిగి ఫోన్ చేసి అందరికీ వినిపించేటట్లు పెట్టాడు.

"సార్, యాడ ఉండారు మీరు? పూణే మేడమ్ పులివెందులలో ఉంది."

"పులివెందులకు ఎట్లా పోయింది?"

"ఎవరో గోవిందరాజులంట, కారు తెచ్చి, మహమూదానా అని అడిగినాడంట. అవునని ఎక్కింది. వాళ్ళ ఇంట్లో ఎవరో పెద్దాయన ఈమెను పట్టుకొని పొద్దుట్నుంచి ఏడుస్తాండాడంట. ఊరివాళ్ళ ఇంట్లో భోజనం అని మనం రాసింటిమి కదా సార్, అది ఇదే అనుకుందంట ఆమె."

ప్రేమ్ సాగర్ మహమూదా వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆయనకు అర్థం కాలేదు. ఆమెకూ కాలేదు.

"పులివెందులకు తిప్పు బాబ్జీ," అన్నాడాయన.

ముద్దనూరు మీదుగా గంటన్నర పట్టింది. పులివెందులలో రోడ్లు వెడల్పయ్యాయి, కూడళ్ళు మారిపోయాయి. మసీదు వీధి మాత్రం ఎవరూ చెప్పకముందే కాళ్ళకు తెలిసినట్లు తెలిసింది. ఇంటి ముందర గోవిందరాజులు కారు పక్కన తప్పు చేసినవాడిలా నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఆమె ముఖంలోకి చూసి, "ఫుప్పూ," అని ఆగిపోయింది. ఈసారి పొరపాటు పడకూడదని కాబోలు.

"నేనే, మహీన్. రాయచూరు నుంచి."

అమ్మాయి ఆమె చేతులు పట్టుకుంది. లోపలికి తీసుకుపోబోతుంటే అరుగు మీద కూర్చున్న ఒకామె లేచింది. తెల్లవెంట్రుకలు మెడదాకా కత్తిరించుకుంది, నూలుచీర, కళ్ళజోడు. పూణే మహమూదా.

"ఒక్క నిమిషం నాతో రా చెల్లీ," అంది ఉర్దూలో. "లోపలికి పోకముందు."

ఇద్దరూ ఇంటి పక్కన చింతకట్టెలు పేర్చిన సందులోకి పోయారు. ప్రొఫెసరమ్మ కట్టెలకు ఆనుకొని నిలబడింది.

"నేను తప్పు చేశాను. ఇంట్లోకి రాగానే మహమూదా అని పేరు చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇక్కడివాళ్ళు అతిథుల్ని ఇట్లాగే పలకరిస్తారేమో అనుకున్నాను. నా మాట తీరు వేరుగా ఉంటే, బయటి ఊరికి పోయి మారిపోయిందన్నాడు. నన్ను ఇంకెవరో అనుకుంటున్నాడని తెలిసేసరికి సగం చెప్పేశాడు. అప్పుడు ఆపి ఉండాల్సింది. అంత పెద్దమనిషి అట్లా ఏడుస్తుంటే, నేను ఆమెను కాదని చెప్పడానికి నోరు రాలేదు. చివరిదాకా విన్నాను. అది నేను వినాల్సింది కాదు. నీకు చెప్పకుండా పోలేను."

"ఏం చెప్పినాడు?"

"మీ అమ్మ మూడు రోజులు మంచంలో ఉందట. మూడు రోజులూ నీ పేరే పిలిచిందట. ఆ ఏడు పండక్కు నువ్వు రాలేదని ఈయనకు కోపం. రేపు ఫోన్ చేద్దాం, రేపు చేద్దాం అని ఊరుకున్నాడట. ఆమె పోయాక మసీదు పెద్దలు చెల్లెలు వచ్చేదాకా ఆగుదామన్నారట. ఈయనే వద్దన్నాడు. నువ్వు వచ్చి అమ్మ మీద పడి ఎందుకు చెప్పలేదని అడిగితే, అందరి ముందర ఏం జవాబు చెప్పాలో తెలియక తొందరచేశాడట."

మహమూదా చింతకట్టెల మోపు మీద చేయి వేసి నిలబడింది. ఆ ఏడు పండక్కు రాలేదు నిజమే. కూతురికి కామెర్లు. పంతొమ్మిదేళ్ళుగా తను అన్నను పిరికివాడనుకుంది. పెద్దల మాటకు తల వంచినవాడనుకుంది. అమ్మ ఒక్కపూటలో పోయిందనుకుంది. ఇప్పుడు ఆ మూడు రోజులు ఎక్కడ పెట్టుకోవాలి? తను రాయచూరులో రొట్టెలు తడుతున్న మూడు రోజులు, అమ్మ ఈ గోడ అవతల పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయింది. ఇది తెలియకపోతేనే బాగుండేదా? తెలిసింది కాబట్టి మేలా? ఆమెకు తేలలేదు. ఎదురుగా ఉన్న ఈ కళ్ళజోడు ఆమె మీద కోపం రావాలా, దండం పెట్టాలా అన్నది కూడా తేలలేదు.

లోపల అబ్దుల్ వాహిద్ నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. గడ్డం తెల్లబడిపోయింది. ఒకప్పుడు సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించిన కళ్ళు ఇప్పుడు పాలు పోసినట్టున్నాయి.

"అబ్బా, ఫుప్పు వచ్చింది," అంది మహీన్.

"పొద్దున కూడా వచ్చింది," అన్నాడు వాహిద్ గట్టిగా. "ఇంకెంతమంది వస్తారు?"

"పొద్దున వచ్చింది వేరే ఆమె. చెప్పినా కదా. ఈమె నిజం ఫుప్పు."

"పొద్దున కూడా నిజమనే అంటిరి."

"నేను యాడ అన్నా? నేను ఆఫీసులో ఉంటి. గోవిందరాజులు మామ తెచ్చి దించిపోయినాడు."

వాహిద్ ఆ మాట పట్టించుకోలేదు. చేయి ముందుకు చాపాడు. మహమూదా తన చేయి అందించింది. జొన్నపిండితో కాయలు కాచిన అరచేతిని అతను వేళ్ళతో తడిమాడు. పొద్దున పట్టుకున్న చేయి మెత్తగా ఉండి ఉంటుంది. ఇది రాయి. అతను చేయి వదిలేశాడు.

"మహమూదా అయితే మాట్లాడు."

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. రైల్లో రాత్రంతా అనుకున్నవి ఒక్కటీ గుర్తు లేదు.

"మా మహమూదా ఇంతసేపు నోరు మూసుకొని ఉండదు," అన్నాడు వాహిద్ గోడ వైపు తిరిగి. "పొద్దున ఆమె కూడా ఇట్లే. అన్నీ వినింది, ఒక్క మాట అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా చెల్లెలైతే ఊరుకుంటుందా? నేను చెప్పుకున్నది ఎవరో దారిన పోయేవాళ్ళ పాలయింది. ఇంకొకసారి చెప్పమంటే నాతో కాదు. మీరెవరైనా సరే, కూర్చొని అన్నం తిని పోండి."

"మూడు దినాలా?" అంది మహమూదా.

వాహిద్ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"మూడు దినాలు నన్ను పిలుస్తాంటే విని ఊరుకుంటివా నువ్వు? బీగం వేసుకుంటివా నోటికి? నేను పండక్కు రాలేదని కోపమా? ఎందుకు రాలేదని ఒక్కసారన్నా అడిగితివా? నా బిడ్డ కామెర్లతో పచ్చగా పడి ఉండె. బతుకుతాదో లేదో అని నేను దర్గాల చుట్టూ తిరుగుతాంటి. పోస్టాఫీసు పక్కనే కదా ఫోను డబ్బా, ఇంటినుంచి నాలుగు అంగలు. నడిచి పోలేకపోతివా? పెద్దల మీద పెడితివి. పంతొమ్మిదేండ్లు ఆ పెద్దలను నేను తిట్టుకుంటాంటి. వాళ్ళలో సగంమంది మట్టిలో కలిసిపోయినారు. వాళ్ళకు ఏమని చెప్పుకుందును ఇప్పుడు? నువ్వు ఒక..."

మాటలు తోసుకొచ్చాయి. గొంతు పెరిగింది, వీధిలోకి వినిపించింది. వాకిట్లో ప్రేమ్ సాగర్ లోపలికి రాబోయి వెనక్కి తగ్గాడు. వాహిద్ మంచం పట్టె పట్టుకొని తల వంచి విన్నాడు. పాలు పోసిన కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి దిగాయి. ఆమె ఊపిరి అందక ఆగేసరికి తల ఎత్తాడు.

"ఆ," అన్నాడు. "ఈ గొంతే. నువ్వే."

మహమూదా నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా వడలిపోయి, పెద్ద కూలిపని చేసి వచ్చినట్లుంది.

"అన్నం తింటివా?" అన్నాడు వాహిద్ కాసేపటికి.

మహీన్ మెల్లగా గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

రెండు దాటాక పూణే మహమూదా బయలుదేరింది. ప్రొద్దుటూరులో రాములమ్మ వంట ఆమె కోసం కాచుకొని ఉంది. వాకిట్లో ఆమె మహమూదా భుజం పట్టుకుంది. మహమూదా ఆమె చీర కొంగుకు అంటుకున్న చింతకట్టె బెరడు తీసి పారేసింది.

ప్రేమ్ సాగర్ కారు ఎక్కకుండా నిలబడ్డాడు. "తప్పు నాది అమ్మా," అన్నాడు. ఈసారి మేడమ్ అనలేదు. "ఊరూ పేరూ సరిగ్గా అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పొద్దున్నే మీ అన్న దగ్గరికి చేరుంటిరి."

మహమూదా ఆలోచించింది. పొద్దున్నే చేరి ఉంటే అన్న చెప్పేవాడా? ఎదురుగా నిజం చెల్లెలు కూర్చుంటే, ఆమె నోటికి భయపడి, మళ్ళీ పెద్దల పేరే చెప్పి ఉండేవాడేమో. పొద్దున ఆమె ఏమీ అనకపోబట్టే చివరిదాకా చెప్పగలిగాడేమో. తెలియదు.

"కోట బాగా చూపిస్తివి సారూ," అంది. "నాకే వినే బుద్ధి లేకపోయె."

సాయంత్రం ఫోన్ చార్జింగయ్యాక రాయచూరు నుంచి భర్త మాట్లాడాడు. రేపటి రాత్రి రైలుకు స్టేషన్‌కు రావాలా అని అడిగాడు. "తెలీదు," అంది. ఎందుకు తెలియదని అడిగితే, అదీ తెలియదంది. వంటింట్లోంచి మహీన్ చెవి ఇటే పెట్టి వింటోంది. ఆపరేషన్ జరిగే గురువారానికి ఇంకా ఆరు దినాలుంది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక వాహిద్ మంచం మీద కాళ్ళు ముడుచుకొని, పక్కన తడిమి చూసి, ఆమె నేల మీదే ఉందని తెలుసుకున్నాడు.

"ఇంకా ఏమన్నా మిగిలుంటే తిట్టు," అన్నాడు.

"శానా ఉంది."

"అయితే ఇప్పుడే తిట్టు. వింటా."

"ఈ పొద్దుకు అలిసిపోయినా," అంది మహమూదా, చాప విప్పి పరుస్తూ. "రేపు తిడతా."